24ఎక్స్ జూమ్ చూసి పడిపోకండి: వేట రైఫిల్‌కి 300 డాలర్లలోపు స్కోప్ ఎలా ఎంచుకోవాలి?

ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? స్పెక్స్ షీట్ తెరుస్తాం. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, జూమ్ ఎంత, బ్యాటరీ ఎంత అని చూసి, పెద్ద నంబర్ ఉన్నదానికి టిక్ పెట్టేస్తాం. నా మొదటి రైఫిల్ స్కోప్ కూడా నేను సరిగ్గా అలాగే కొన్నాను. 6-24×50. ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో వెలిగే క్రాస్‌హెయిర్. బాక్సులోనే మౌంట్ ఫ్రీ. అన్నీ కలిపి 90 డాలర్లు. పక్కనే 150 డాలర్లకి ఉన్న సాదా 3-9×40 చూసి, ఇందులో ఏముంది, లైట్ కూడా లేదు అని నవ్వుకున్నా.

ఆ డీల్ అసలు ఖరీదు నవంబర్‌లో తెలిసింది.

డాలస్ నుంచి మూడున్నర గంటలు డ్రైవ్ చేస్తే టెక్సాస్ హిల్ కంట్రీలో లానో వస్తుంది. వైట్‌టెయిల్ జింకల వేటకి పేరున్న ఊరు. చుట్టూ మెస్కీట్ చెట్లు. మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం ఇది, ముళ్లతో సహా అంతా అదే. మా ఆఫీసులో సీనియర్ అయిన ఒక తెలుగన్న ఏటా అక్కడ ఒక రాంచ్‌కి వెళ్తాడు, ఆ సారి నన్నూ తీసుకెళ్లాడు. బ్లైండ్ అంటే చెక్కతో కట్టిన చిన్న గది, మన చేలో మంచె లాంటిదే. అందులో మధ్యాహ్నం మూడింటికి కూర్చున్నాం. థాంక్స్‌గివింగ్ వారం కదా, ఐదున్నరకే సూర్యుడు దిగిపోయాడు. టెక్సాస్ రూల్ ప్రకారం సూర్యాస్తమయం తర్వాత ఇంకో అరగంట కాల్చొచ్చు. జింకలు బయటికి వచ్చేది కూడా సరిగ్గా ఆ అరగంటలోనే.

5:50కి ఒక మగ జింక వచ్చింది. దూరం వంద గజాలు ఉంటుందేమో, కంటికి శుభ్రంగా కనిపిస్తోంది. స్కోప్‌లో కన్ను పెడితే మాత్రం నల్లటి సూప్. జూమ్ 24 మీద ఉంది. తగ్గించి 12కి తెచ్చా, కాళ్లు కనిపించాయి. ఇంకాస్త తగ్గించి, కుడివైపు తిరిగి నిలబడ్డ జింక భుజం వెనక క్రాస్‌హెయిర్ పెట్టి ట్రిగ్గర్ నొక్కా. జింక నడుము వంచి, కుంటుతూ పొదల్లోకి పోయింది.

అన్న టార్చ్ తీశాడు. రాత్రి పదకొండు దాకా ముగ్గురం, రాంచ్ ఓనర్‌తో సహా, ఆకుల మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం. తర్వాత చుక్కలు కూడా ఆగిపోయాయి. పొద్దున దొరికింది, మూడు వందల గజాల అవతల. తూటా ఛాతీకి కాదు, పొట్టకి తగిలింది. రాత్రి కాయోటీలు సగం తినేశాయి. ఆ జంతువు ఎన్ని గంటలు బతికి ఉండి చచ్చిందో నేను ఆలోచించకుండా ఉండలేను.

మర్నాడు కాగితం టార్గెట్ మీద వంద గజాల నుంచి కాలిస్తే తూటా 7 అంగుళాలు ఎడమకి పడింది. వారం ముందే రేంజ్‌లో సెట్ చేసి తెచ్చిన రైఫిల్ అది. స్క్రూలు వదులయ్యాయేమో అని అన్నీ బిగించి, మళ్లీ సెట్ చేశాం. మూడు తూటాలు మూడు దిక్కులకి పోయాయి. అదే రైఫిల్ మీద, అవే తూటాలతో, అన్న దగ్గరున్న పాత 3-9×40 పెట్టి చూశాం. మూడూ ఒకటిన్నర అంగుళంలో పడ్డాయి. ఇంక కేసు క్లోజ్.

"తమ్ముడూ, నువ్వు దీన్ని ఫోన్ కొన్నట్టు కొన్నావురా" అన్నాడు అన్న. అంతకు మించి ఏమీ అనలేదు.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఇది అమెరికాలో లైసెన్స్ తీసుకుని వేటకెళ్లే వాళ్ల కోసం రాస్తున్నది. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం, అక్కడ దీనితో పని లేదు. వీసా సంగతులు కింద విడిగా ఉన్నాయి, ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు అది చదవకుండా వెళ్లొద్దు.

ముందు నంబర్లు చదువుదాం

3-9×40 అంటే: జూమ్ 3 రెట్ల నుంచి 9 రెట్ల వరకు, ముందు లెన్స్ వ్యాసం 40 ఎంఎం. 3ఎక్స్ దగ్గర వంద గజాల్లో ఉన్న జింక 33 గజాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. 9ఎక్స్ దగ్గర 11 గజాల్లో ఉన్నట్టు. పదకొండు గజాలంటే మీ హాల్లోంచి పార్కింగ్ దాకా. దానికి మించి దగ్గరగా చూడాల్సిన అవసరం వేటలో ఎక్కడొస్తుంది చెప్పండి? తాకాల్సిన చోటు, అంటే గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం, సుమారు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. చిన్న టిఫిన్ ప్లేటంత.

ఎక్కువ జూమ్ వల్ల ఇంకో నష్టం ఉంది. వంద గజాల దూరంలో 3ఎక్స్ స్కోప్ దాదాపు 34 అడుగుల వెడల్పు చూపిస్తుంది. 9ఎక్స్‌లో అది 12 అడుగుల చిల్లరకి పడిపోతుంది. 24ఎక్స్‌లో నాలుగైదు అడుగులే. జింక రెండడుగులు వేస్తే ఫ్రేమ్‌లో ఉండదు. మీరు స్కోప్ అటూ ఇటూ తిప్పి వెతుక్కునే లోపు అది వెళ్లిపోయి ఉంటుంది. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, వెలుతురు. ముందు లెన్స్ వ్యాసాన్ని జూమ్‌తో భాగించండి. వచ్చిన నంబరే స్కోప్ వెనక నుంచి మీ కంటికి వచ్చే కాంతి చుక్క వ్యాసం, ఎంఎంలలో. దీన్ని ఎగ్జిట్ ప్యుపిల్ అంటారు. మసక చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 6, 7 ఎంఎం దాకా తెరుచుకుంటుంది. 40 ఎంఎం లెన్స్‌ని 6ఎక్స్ మీద పెడితే 6.7 వస్తుంది, కంటిపాపకి సరిపడా. నా 50 ఎంఎం లెన్స్‌ని 24తో భాగిస్తే 2.1. కంటిపాప 6 ఎంఎం తెరిచి కూర్చుంటే, దానికి అందేది 2 ఎంఎం చుక్క. విస్తీర్ణంలో చూస్తే తొమ్మిదో వంతు. నల్లటి సూప్ రహస్యం అదే.

మరి అదే స్కోప్‌ని 6ఎక్స్‌కి తగ్గిస్తే 8 ఎంఎం వస్తుంది కదా అంటారా? లెక్క ప్రకారం కరెక్టే, నేను చివరికి చేసింది కూడా అలాంటిదే. కానీ అక్కడ గాజు దెబ్బేసింది. కోటింగ్ లేని గాజు ఉపరితలం ఒక్కోటీ తన మీద పడ్డ కాంతిలో సుమారు 4 శాతం వెనక్కి కొట్టేస్తుంది. స్కోప్‌లో ఎనిమిది లెన్సులున్నాయి అనుకోండి, మొత్తం 16 ఉపరితలాలు. అన్నీ దాటి మీ కంటికి చేరేది సగం కాస్త ఎక్కువ, అంతే. ఆ పోయిన కాంతి ఊరికే పోదు, ట్యూబ్ లోపల అటూ ఇటూ కొట్టుకుని బొమ్మని పాల మబ్బులా చేస్తుంది. మంచి కోటింగ్ ఉంటే అదే 16 ఉపరితలాలు దాటాక కూడా 90 శాతం మిగులుతుంది.

అందుకే బాక్సు మీద మాటలు జాగ్రత్తగా చదవండి. "కోటెడ్" అంటే ఎక్కడో ఒకచోట ఒక పొర వేశారని. "మల్టీ-కోటెడ్" అంటే ఏదో ఒక ఉపరితలానికైనా చాలా పొరలు వేశారని. "ఫుల్లీ మల్టీ-కోటెడ్" అని ఉంటేనే గాలి తగిలే ప్రతి ఉపరితలానికీ చాలా పొరలు ఉన్నట్టు. ఆ "ఫుల్లీ" లేకపోతే పక్కన పెట్టేయండి.

30 ఎంఎం ట్యూబ్ ఉంటే వెలుతురు ఎక్కువ వస్తుందని షాపుల్లో చెప్తుంటారు. నమ్మకండి. లావు ట్యూబ్ వల్ల క్రాస్‌హెయిర్‌ని పైకీ కిందకీ జరిపే పరిధి పెరుగుతుంది, వెలుతురు దాని వల్ల పెరగదు. వంద, రెండొందల గజాల వేటకి ఒక అంగుళం ట్యూబ్ సుఖంగా సరిపోతుంది, బరువు కూడా తక్కువ.

స్పెక్స్ షీట్‌లో ఉండని స్పెక్

స్కోప్ చేయాల్సిన ఒకే ఒక్క పని, పెట్టిన చోట ఉండడం. ఎన్నిసార్లు పేలినా, ట్రక్కులో ఎంత కుదిపినా క్రాస్‌హెయిర్ చూపించిన చోటికే తూటా వెళ్లాలి. దీన్నే జీరో నిలబడడం అంటారు. ఇది ఏ బాక్సు మీదా నంబర్‌గా రాయరు, ఏ అన్‌బాక్సింగ్ వీడియోలోనూ కనిపించదు. లోపల క్రాస్‌హెయిర్ ఉన్న చిన్న ట్యూబుని ఒక స్ప్రింగ్ రెండు డయల్ స్క్రూలకి ఆనించి పట్టుకుంటుంది. .308 లాంటి రైఫిల్ తన్నిన ప్రతిసారీ ఆ స్ప్రింగ్ కాస్త వదులైతే జీరో జారిపోతుంది. 90 డాలర్లలో 24ఎక్స్ జూమ్, రెండు రంగుల లైట్, మౌంట్ అన్నీ ఇచ్చినవాడు డబ్బు ఎక్కడ మిగుల్చుకుని ఉంటాడు? సరిగ్గా ఇక్కడే.

కొన్నాక మీరే టెస్ట్ చేసుకోవచ్చు. మామూలు వేట స్కోపుల్లో డయల్ ఒక క్లిక్ తిప్పితే పావు ఎంఓఏ. అంటే వంద గజాల దగ్గర దాదాపు పావు అంగుళం, నాలుగు క్లిక్‌లు అంగుళం. ఒక పెద్ద కాగితం పెట్టి ఒక తూటా కాల్చండి. గురి మార్చకుండా డయల్ 20 క్లిక్‌లు పైకి తిప్పి ఇంకోటి, 20 కుడికి తిప్పి ఇంకోటి, 20 కిందకి, 20 ఎడమకి. దాదాపు 5 అంగుళాల చతురస్రం రావాలి, చివరి తూటా మొదటి రంధ్రం పక్కనే పడాలి. రాకపోతే రిటర్న్ విండో ఉన్నప్పుడే వెనక్కి పంపేయండి. ఐదు తూటాల ఖర్చుతో సీజన్ మొత్తం మిగులుతుంది.

కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం

ఐ రిలీఫ్ అని ఉంటుంది చూడండి, అది కనీసం మూడున్నర అంగుళాలు ఉండాలి. తక్కువైతే రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ అంచు నేరుగా కనుబొమ్మ మీద పడుతుంది. నెలవంక ఆకారంలో గాటు, రక్తం, రెండు కుట్లు. రేంజ్‌లో ఇలాంటి నెలవంకలున్న మొహాలు మీకు కనిపిస్తూనే ఉంటాయి.

షాపుకి వెళ్లే వీలుంటే స్కోప్ చేత్తో పట్టుకుని చూడండి. కళ్లు మూసుకుని చూస్తున్న పొజిషన్‌లోకి తెచ్చి తెరవండి. బొమ్మ వెంటనే నిండుగా కనిపించాలి. తల రవ్వంత కదిలితే నల్లటి నీడలు వస్తుంటే, చలిలో మందపాటి జాకెట్ వేసుకుని హడావుడిగా గురిపెట్టినప్పుడు ఏమవుతుందో ఊహించుకోండి. ట్యూబ్‌లైట్ కింద అన్ని స్కోపులూ బాగానే కనిపిస్తాయి కాబట్టి షాపులో చీకటి మూలనో, కౌంటర్ కింది లేబులో చదవడానికి ప్రయత్నించండి.

క్రాస్‌హెయిర్ విషయంలో నా ఓటు డ్యూప్లెక్స్‌కే. నాలుగు వైపులా లావు గీతలు, మధ్యలో సన్నం. 1962లో ల్యూపోల్డ్ తెచ్చిన డిజైన్, ఇప్పటికీ దాన్ని మించింది వేటకి రాలేదని నా అభిప్రాయం. చీకటి పడుతున్నా లావు గీతలు కన్నుని మధ్యకి లాక్కెళ్తాయి. గీత కింద చిన్న చిన్న గుర్తులుండే బీడీసీ రకం చూడ్డానికి టెక్నికల్‌గా ఉంటుంది కానీ ఒక మెలిక ఉంది. బడ్జెట్ స్కోపుల్లో జూమ్ మార్చినా క్రాస్‌హెయిర్ సైజు మారదు, కాబట్టి ఆ గుర్తులు ఒక్క జూమ్ దగ్గరే నిజం చెప్తాయి, మామూలుగా అది గరిష్ఠ జూమ్. 9ఎక్స్ దగ్గర కరెక్టుగా ఉన్న గుర్తు నాలుగున్నర దగ్గర రెట్టింపు డ్రాప్ చూపిస్తుంది. తూటా జింక వీపు మీదుగా పోతుంది. అయినా .308లో 150 గ్రెయిన్ తూటాని 200 గజాలకి జీరో చేస్తే వంద గజాల దగ్గర సుమారు 2 అంగుళాలు పైన పడుతుంది, అంతే. టిఫిన్ ప్లేట్ మధ్యలో గురిపెట్టి నొక్కితే 200 దాకా వేరే లెక్క అక్కర్లేదు.

సరే, ఏది కొనాలి?

150 డాలర్ల దగ్గర వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, 3-9×40. ఫుల్లీ మల్టీ-కోటెడ్. గాజు అద్భుతం అనను, చివరి పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది. కానీ ఆ ధరకి నమ్మదగింది. 300 డాలర్ల దగ్గర ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9×40. 350 గ్రాముల చుట్టూ బరువు, సాయంత్రం వెలుతురులో ఒక మెట్టు పైనే. మధ్యలో కావాలంటే బరిస్ ఫుల్‌ఫీల్డ్ చూడండి. ధరలు సేల్‌ని బట్టి మారతాయి, సీజన్ మొదలయ్యే ముందు ఒక కన్నేసి ఉంచండి.

నిజానికి తెలివైన డీల్ ఇంకోటుంది: సెకండ్ హ్యాండ్. వోర్టెక్స్, ల్యూపోల్డ్ రెండూ జీవితకాల వారంటీ ఇస్తాయి, బిల్లు అడగవు, మీరు మొదటి ఓనర్ కాకపోయినా పర్లేదు. ఫోన్ల ప్రపంచంలో ఇలాంటి వారంటీ కల్లో కూడా రాదు. పాత ల్యూపోల్డ్ 3-9×40 మంచి ధరకి దొరికితే కళ్లు మూసుకుని తీసుకుంటా. కాకపోతే నకిలీలున్నాయి, కొత్త స్కోప్ సగం ధరకి వస్తోందంటే అనుమానించండి.

మీ దగ్గర మొత్తం 300 డాలర్లే ఉంటే? స్కోప్‌కి 150, మంచి రింగులూ బేసూ 50, మిగిలిన వంద తూటాలకి. వంద డాలర్ల ప్రాక్టీస్ లేని 300 డాలర్ల స్కోప్ కంటే ఇది నయం. బాక్సులో ఫ్రీగా వచ్చే మౌంట్ మాత్రం చెత్తబుట్టకే. రింగు స్క్రూలు ఫోన్ రిపేర్ చేసినట్టు చేతి అంచనాతో బిగించొద్దు, టార్క్ స్క్రూడ్రైవర్ వాడండి. మామూలుగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, మీ రింగుల కంపెనీ ఏం చెప్తే అది. ఎక్కువ బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

జీరో చేసేటప్పుడు నేరుగా వంద గజాలకి వెళ్లకండి. 25 గజాల దగ్గర మొదలుపెట్టండి, అక్కడ అంగుళానికి 16 క్లిక్‌లు. కాగితం మీద పడ్డాక వందకి వెళ్లి, మూడేసి తూటాల గుంపు చూసి సరిచేయండి. ఒక్క తూటాని నమ్మి డయల్ తిప్పితే తోకని పట్టుకుని తిరిగినట్టే.

ఇంకోటి, స్కోప్‌ని బైనాక్యులర్‌గా వాడకండి. పొదలో కదిలింది ఏంటో చూద్దామని స్కోప్ ఎత్తితే బ్యారెల్ కూడా అటే తిరుగుతుంది. అక్కడున్నది ఇంకో వేటగాడైతే? మామూలు 8×42 బైనాక్యులర్ ఒకటి మెడలో వేసుకోండి.

వీసా, సూట్‌కేసు

నేను హెచ్-1బీ మీదే ఉన్నా, కాబట్టి ఇది నా సొంత గొడవ కూడా. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చట్టం ఇచ్చిన కొన్ని మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. గ్రీన్‌కార్డ్ వాళ్లకి ఈ నిషేధం వర్తించదు. టెక్సాస్‌లో ప్రైవేట్ స్థలంలో ఓనర్ అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు కదా అని ఎవరైనా పిలిస్తే జాగ్రత్త: ఆ లైసెన్స్ లేకపోతే మీ మినహాయింపూ లేదు. 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి. రైఫిల్ ముట్టుకునే ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడేయండి.

ఊళ్లో బాబాయి ఎయిర్‌గన్‌కి బాగుంటుందని ఇక్కడ కొన్న స్కోప్ సూట్‌కేసులో పెట్టేస్తారు కొందరు. రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి, లైసెన్స్ లేకుండా తీసుకెళ్తే సమస్య అవ్వొచ్చు. పైగా స్ప్రింగ్ ఎయిర్‌గన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా తన్నుతుంది, దానికి తట్టుకునేలా చేయని స్కోప్ తొందరగా పాడవుతుంది. బాబాయికి స్మార్ట్‌వాచ్ తీసుకెళ్లండి.

తర్వాతి సీజన్‌కి అన్న దగ్గర ఆ పాత 3-9×40నే 120 డాలర్లకి కొనుక్కున్నా. ముందు రోజు రాంచ్‌లో మూడు తూటాలు కాల్చి జీరో చూసుకున్నా. అదే బ్లైండ్, దాదాపు అదే టైము, 5:45. జూమ్ రింగ్ 5 మీద పెట్టి మధ్యాహ్నం నుంచీ ముట్టుకోలేదు. ఈసారి చెట్ల నీడలోంచి ఒక ఆడ జింక వచ్చింది, చెవులు ఆడించడం కూడా కనిపించింది. 30 గజాల్లోనే పడిపోయింది. టార్చ్ వెలిగించింది లైసెన్స్ ట్యాగ్ కట్టడానికే.

90 డాలర్ల స్కోప్ ఇప్పుడు అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉంది. మా రూమ్మేట్ చందమామని చూడ్డానికి వాడుతున్నాడు. 24ఎక్స్ దగ్గర చంద్రుడి గుంతలు బానే కనిపిస్తాయట.